1967 మస్టాంగ్‌కు ఎంత బిగింపు కావాలి?

ప్రశ్న: డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాను. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. కిందటేడాది ఒహాయోలో ఒక పెద్దాయన దగ్గర 1967 ఫోర్డ్ మస్టాంగ్ కొన్నాను. రెండు తలుపుల హార్డ్‌టాప్, 289 వి8 ఇంజిన్, ఆటోమేటిక్ గేరు. రంగు కొత్తది, ఇంజిన్ బాగుంది. కానీ రైలు పట్టాలు దాటితే డ్యాష్‌బోర్డు అంతా గలగలమంటుంది. కుడి తలుపు కాస్త పైకెత్తితే గాని పడదు. హైవే మీద స్టీరింగు నిలకడగా ఉండదు. వర్క్‌షాప్‌లో చూపిస్తే ఛాసిస్‌లో బలం లేదన్నారు. సబ్‌ఫ్రేమ్ కనెక్టర్లు, ఎక్స్‌పోర్ట్ బ్రేస్, మాంటీ కార్లో బార్, షాక్ టవర్లకు అదనపు ప్లేట్లు, కారు లోపల ఉక్కు గొట్టాల పంజరంలాంటి ఆరు కాళ్ల రోల్ కేజ్ అన్నీ కలిపి 8 వేల డాలర్లు అడుగుతున్నారు. వారాంతాల్లో భార్యా పిల్లలతో తిరగడానికే కొన్నాను గాని, వచ్చే ఏడాది ఒకటి రెండు ఆటోక్రాస్ పోటీల్లో సరదాగా పాల్గొనాలని ఉంది. మా నాన్నగారు ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యారు, ఇప్పుడు మా దగ్గరే ఉన్నారు. ‘కంపెనీ ఇచ్చిన ఛాసిస్‌ను కెలకొద్దు’ అంటున్నారు. ఎవరి మాట వినాలి?

— పేరు ప్రచురించవద్దని కోరిన పాఠకుడు, ఫ్రిస్కో, టెక్సాస్

సమాధానం: మీ వర్క్‌షాప్ ఇచ్చిన జాబితాలో సగం పనికొచ్చేది, పావు వంతు తొందరపాటు, మిగిలిన పావు మీ పిల్లలకు ప్రమాదం. ఇక అన్నిటికంటే ముందు చేయాల్సిన పని ఆ జాబితాలోనే లేదు. ఈ కారు ఒహాయోలో ఉండేదని మీరే రాశారు. అక్కడ చలికాలంలో మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పునీళ్లు ఎక్కడెక్కడ చేరాయో చూడకుండా ఛాసిస్‌లో బలం లేదని తేల్చేసినవాళ్లు, బలం ఎక్కడ పోయిందో మాత్రం చెప్పలేదు. రంగు కొత్తదని మీరు సంతోషంగా రాశారు. నాకు అనుమానం మొదలైంది అక్కడే.

ముందు ఆ కారు కట్టుబడి గురించి నాలుగు మాటలు చెప్పాలి, ఎందుకంటే మీ నాన్నగారి మాటకు జవాబు అందులోనే ఉంది. లారీకి, బస్సుకు ఛాసిస్ వేరు, బాడీ వేరు. విజయవాడ ఆటోనగర్‌కు బాడీ కట్టించుకోవడానికి వచ్చే లారీలను హైవే మీద మీరు చూసే ఉంటారు. ఇంజిను, చక్రాలు, రెండు పొడవాటి ఉక్కు దూలాలు, ముందు తలకు తువ్వాలు చుట్టుకున్న డ్రైవరు, అంతే. ఆ దూలాలే ఛాసిస్. మస్టాంగ్‌కు అవి లేవు. 1964 ఏప్రిల్‌లో ఫోర్డ్ ఆ కారును విడుదల చేసినప్పుడు దాని కింది భాగం చాలావరకు ఫాల్కన్ అనే చవక కారు నుంచి తీసుకున్నదే. రేకులను పెట్టెలుగా మడిచి, ఒకదానికొకటి స్పాట్ వెల్డింగ్ చేసి, బాడీనే ఛాసిస్‌గా నిలబెట్టారు. మన అంబాసిడర్ కూడా ఈ పద్ధతిదే. ఇంజిను పక్కనుంచి వెనక్కి వచ్చే రెండు రెయిళ్లు ముందు సీట్ల కింద ఆగిపోతాయి. వెనక కమాను పట్టీలను మోసే రెయిళ్లు వెనక సీటు ముందు నుంచి మొదలవుతాయి. మధ్యలో ఉన్నది నేల రేకు, తలుపుల కింది గడప పెట్టెలు, గేర్‌బాక్స్ మీది సొరంగం, పైన కప్పు. హార్డ్‌టాప్ కాబట్టి తలుపుకు, వెనక అద్దానికి మధ్య నిలువు స్తంభం కూడా లేదు. ముందు అద్దం రబ్బరు బీడింగులో కూర్చుంటుంది తప్ప, ఈనాటి కార్లలోలాగా జిగురుతో అతుక్కుని బాడీకి బలమివ్వదు.

కాబట్టి ఈ కారు కొత్తగా ఉన్నప్పుడే కాస్త మెలి తిరిగేది. అది లోపం కాదు, ఆనాటి లెక్క. సన్నని బయాస్ టైర్లు (రేడియల్‌కు ముందు తరం టైర్లు), మెత్తటి స్ప్రింగులు, 200 హార్స్‌పవర్ అని కంపెనీ చెప్పుకున్న ఇంజిను, వీటికి ఆ బాడీ సరిపోయింది. మీ ముందున్న ప్రశ్న కారు మెలి తిరుగుతోందా అని కాదు. ఫోర్డ్ ఇచ్చినదానికంటే ఎక్కువ తిరుగుతోందా, తిరిగితే కారణం తుప్పా, అరిగిన సామానా, లేక మీరు ఇప్పుడు కారును అడుగుతున్న పని కొత్తదా అని.

తలుపుతో మొదలుపెడదాం. కుడి తలుపును సగం తెరిచి, చివర రెండు చేతులతో పట్టుకుని పైకెత్తండి, దించండి. మరొకరిని కీళ్ల దగ్గర చూడమనండి. తలుపు లేస్తూ ఉంటే కీలు దగ్గర మేకు మాత్రమే కదులుతుంటే అది అరిగిన బుష్షు, కొన్ని డాలర్ల సామాను. కీళ్లతో పాటు వాటిని బిగించిన రేకు కూడా ఊగుతుంటే స్తంభం మొదట్లో తుప్పు ఉన్నట్టు. తలుపు గట్టిగానే ఉండి, మూసినప్పుడు వెనకంచు గడప వైపు దిగి కనిపిస్తే అప్పుడు మాత్రమే బాడీని అనుమానించాలి. ఈ మూడింటిలో ఏది మీదో తెలియకుండా 8 వేల డాలర్ల పనికి చెయ్యి ఊపకండి.

ఆ తరువాత జాకీ పరీక్ష. గట్టి సిమెంటు నేల మీద కారును నిలిపి, వెనక చక్రాలకు ముందూ వెనకా అడ్డు పెట్టండి. తలుపు చుట్టూ ఉన్న సందు వెడల్పును పైన, కింద కొలిచి కాగితం టేపు మీద రాసి అక్కడే అంటించండి. కుడి ముందు చక్రం వెనక ఉన్న రెయిలు కింద జాకీ పెట్టి చక్రం నేలను వదిలే దాకా లేపండి. స్టాండు కూడా పెట్టండి, కారు కిందికి మాత్రం ఎవరూ దూరకూడదు. ఇప్పుడు సందు మళ్లీ కొలవండి, తలుపు తెరిచి మూయండి. బాగున్న హార్డ్‌టాప్‌లో సందు రవ్వంత మారినా తలుపు పడుతుంది. తలుపు బిగుసుకుపోతే, లేదా గడపను రాసుకుంటే, బాడీ నిజంగానే చతికిలబడింది. రెండో పక్క కూడా ఇదే చేయండి. రెండు పక్కలూ ఒకేలా ఉండకపోతే ఎక్కువ మారిన పక్క గడపలో, ఆ పక్క టార్క్ బాక్సు ఉంటే దానిలో తుప్పు వెతకాలి. ముందు రెయిలును గడపకు కలిపే పెట్టెను టార్క్ బాక్స్ అంటారు. అది ముందు చక్రం వెనకే ఉంటుంది. చక్రం చిమ్మే బురద, ఉప్పు అన్నీ దాని మీదికే వస్తాయి.

తుప్పు వెతకడంలో ఈ కార్లకు ఒక ప్రత్యేకమైన చోటు ఉంది. ముందు అద్దం కింద, బానెట్ వెనక, గాలి లోపలికి రావడానికి చిల్లుల రేకు ఉంటుంది కదా, దాన్ని కౌల్ అంటారు. వాన నీళ్లు అందులో పడి రెండు పక్కల నుంచి బయటికి పోవాలి. లోపల గాలి గొట్టం చుట్టూ టోపీలాంటి అంచు ఒకటి ఉంటుంది. ఆకులు, మట్టి పేరుకుని నీళ్లు నిలిచి ఆ అంచే తుప్పు పడుతుంది. డ్యాష్‌బోర్డు కింద తలపెట్టి పడుకుని, టార్చి వేసుకుని, పై నుంచి ఒకరిని పైపుతో నెమ్మదిగా నీళ్లు పోయమనండి. మీ ముఖం మీద చుక్క పడితే కౌల్ పోయినట్టే. ఈ పరీక్షను మీ వర్క్‌షాప్ చేయకపోవడం నాకు వింతగా ఉంది. కారు ముందు భాగాన్ని, క్యాబిన్‌ను పట్టి ఉంచేది ఆ కౌలే. ఎక్స్‌పోర్ట్ బ్రేస్ బిగించేది కూడా దానికే. పుచ్చిన కౌల్‌కు కొత్త బ్రేస్ బిగించి ప్రయోజనం లేదు.

ఇంకొన్ని చోట్లు త్వరగా చెబుతాను. బ్యాటరీ కింద రేకును, దాని కింద ఉన్న రెయిలును చూడండి. యాసిడ్ కారి చాలా కార్లలో అక్కడ పోయి ఉంటుంది. కార్పెట్లు ఎత్తి నేల రేకును స్క్రూడ్రైవర్ మొనతో పొడిచి చూడండి. వెనక కమాను పట్టీల ముందు కన్ను బిగించే చోటు చూడండి. కొత్త రంగు కింద లప్పం ఎంత ఉందో తెలియాలంటే గుడ్డలో చుట్టిన అయస్కాంతాన్ని గడపల వెంట, వెనక చక్రాల పైన నడిపించండి. పట్టు వదిలిన చోట రేకు లేదు, లప్పమే ఉంది.

ఇక షాక్ టవర్లు, అంటే ఇంజినుకు రెండు పక్కలా ముందు స్ప్రింగులను పట్టి ఉంచే రేకు గోపురాలు. ముందు చక్రాన్ని బాడీకి కలిపే చేతులు (కంట్రోల్ ఆర్మ్‌లు) పైన ఒకటి, కింద ఒకటి ఉంటాయి. మస్టాంగ్‌లో ముందు స్ప్రింగు కింది చేతి మీద కాకుండా పై చేతి మీద కూర్చుంటుంది. చక్రం గుంతలో పడినప్పుడు ఆ దెబ్బంతా పైకి, టవర్‌లోకి పోతుంది. ఏళ్ల తరబడి అలా తింటూ రెండు టవర్లూ ఇంజిను వైపు వాలతాయి, పై చేతి బోల్టుల చుట్టూ పగుళ్లు వస్తాయి. చక్రాలు విప్పి, తీగ బ్రష్షుతో జిడ్డు తీసి, ఆ బోల్టుల చుట్టూ వెతకండి. వెంట్రుక మందం గీత కనిపించినా అది పగులే. రెండు టవర్ల మధ్య దూరాన్ని ఫోర్డ్ షాప్ మాన్యువల్‌లో ఇచ్చిన కొలతతో పోల్చండి. మాంటీ కార్లో బార్‌కు నేను ఇచ్చే మొదటి ఉద్యోగం ఇదే, కొలబద్ద పని. బార్‌ను ఊరికే పెట్టి చూడండి. రెండు చివర్లా రంధ్రాలు సరిగ్గా కలిస్తే టవర్లు కదలలేదు. బార్ పొడవై పట్టకపోతే టవర్లు లోపలికి వచ్చాయని అర్థం. మెకానిక్ జాకీతో వాటిని విడదీసి బార్ బిగించేస్తానంటే ఆపండి. పగుళ్లు లేవని తేలిన తరువాతే ఆ పని.

ఇప్పుడు స్టీరింగు. దీనికి ఛాసిస్‌తో సంబంధం ఉండే అవకాశం చాలా తక్కువ. కింది చేతిని ముందుకు పట్టి ఉంచే స్ట్రట్ రాడ్ చివర రబ్బరు బుష్షులు ఉంటాయి. అవి మెత్తబడితే బ్రేకు వేసినప్పుడు కారు పక్కకు లాగుతుంది, హైవే మీద తేలుతుంది. స్టీరింగు కదలికను చక్రాలకు చేర్చే ఐడ్లర్ ఆర్మ్, టై రాడ్ చివర్లు, స్టీరింగ్ బాక్సు కింద ఉండే జాయింటు, ఇవన్నీ అరిగేవే. మీ నాన్నగారు పక్కనే ఉన్నారు, ఆయనకు ఇది ఎడమచేతి పని. కారు నేల మీద ఉండగానే ఒకరు స్టీరింగును అటూ ఇటూ కొద్దిగా తిప్పుతుంటే, ఆయన ఒక్కో జాయింటు మీద వేలు పెట్టి చూస్తే ఏ జాయింటులో ఒక పక్క కదిలినా రెండో పక్క కదలడం లేదో ఆయనకే తెలిసిపోతుంది. అలైన్‌మెంట్ కూడా కారణం కావచ్చు. 1967 నాటి పుస్తకంలోని కొలతలు బయాస్ టైర్ల కోసం రాసినవి. ఇప్పుడు మీ కారుకు ఉన్నవి రేడియల్ టైర్లే అయి ఉంటాయి. వాటికి క్యాస్టర్, అంటే స్టీరింగు తిరిగే ఇరుసు వెనక్కి వాలే కోణం, పాజిటివ్ వైపు ఇంకాస్త ఎక్కువ కావాలి. పాత కార్లు తెలిసిన అలైన్‌మెంట్ దుకాణంలో ఆ మాట చెప్పండి. చాలా మస్టాంగ్‌లు ఈ ఒక్క పనితో దారికొస్తాయి.

ఇంతవరకూ చెప్పినవన్నీ చేసి, తుప్పు తీయించి, బుష్షులు మార్పించి, అప్పుడు నెల రోజులు కారు నడపండి. ఆ తరువాతే బిగింపు గురించి మాట్లాడుకోవాలి.

బిగింపు వల్ల ఏం వస్తుందో తెలుసుకోవడానికి కొంచెం లెక్క అవసరం. మలుపులో కారు పక్కకు వాలినప్పుడు స్ప్రింగులు ఒక వంతు, బాడీ ఒక వంతు లొంగుతాయి. ఒకదాని తరువాత ఒకటి కట్టిన రెండు స్ప్రింగుల్లాంటివి అవి. ఉదాహరణకు స్ప్రింగుల గట్టిదనం 1, బాడీ గట్టిదనం 10 అనుకోండి. మొత్తం మెలిలో బాడీ వాటా పదకొండింట ఒక వంతు, అంటే సుమారు 9 శాతం. బాడీని రెట్టింపు గట్టిగా చేస్తే ఆ వాటా 5 శాతానికి దిగుతుంది. మలుపులో ఆ తేడాను పసిగట్టడం మామూలు డ్రైవరు వల్ల కాదు. ఇప్పుడు పోటీల కోసం స్ప్రింగులను, మలుపులో కారు పక్కకు వాలడాన్ని తగ్గించే యాంటీ రోల్ బార్‌ను మార్చి గట్టిదనం 3 చేశారనుకుందాం. బాడీ పాత 10 దగ్గరే ఉంటే దాని వాటా పదమూడింట మూడు వంతులు, అంటే 23 శాతం. ముందు బార్ మార్చితే వెనక ఏం జరుగుతుందో చెప్పలేని స్థితి అక్కడ మొదలవుతుంది. మీరు చేసిన సర్దుబాటును బాడీ మింగేస్తుంది.

అంటే, స్ప్రింగులు, టైర్లు కంపెనీవే ఉంచుకునే మనిషికి పోటీ కోసం బాడీ బిగించాల్సిన అవసరం లేదు. వాటిని మార్చే మనిషికి ఉంది. కానీ ఈ లెక్కలో రాని లాభం ఒకటి మీలాంటివారికి ఉంది. గతుకుల్లో డ్యాష్‌బోర్డు గలగల, స్టీరింగు కాలమ్ వణుకు, అద్దంలో వెనక దృశ్యం చెదరడం, ఇవి బాడీ ఊగిసలాట వల్ల వస్తాయి. అన్నీ బాగుచేసిన తరువాత కూడా అవి మిగిలితే, సబ్‌ఫ్రేమ్ కనెక్టర్లు వాటిని తగ్గిస్తాయి. రోజువారీ వాడకంలో ఈ సుఖమే ఎక్కువ విలువైనదని నా అభిప్రాయం.

ఇక జాబితా. ఎక్స్‌పోర్ట్ బ్రేస్ వేయించండి, సందేహం లేదు. మామూలు మస్టాంగ్‌లో కౌల్ నుంచి టవర్లకు రెండు విడి రేకు బద్దలు ఉంటాయి. విదేశాల్లోని గతుకు రోడ్లకు పంపే కార్లకు ఫోర్డ్ వాటి బదులు ఒకే ముక్కగా ఉన్న బలమైన బ్రేస్ వేసింది. పేరు అందుకే వచ్చింది. మస్టాంగ్‌కు రేసు రూపమైన 1965 షెల్బీ జీటీ350లో కూడా ఇదే ఉంది, దానితో పాటు మాంటీ కార్లో బార్ కూడా. వెల్డింగు లేదు, బోల్టులే, ఒక పూట పని. టవర్లు వెనక్కి ముందుకు కదలకుండా ఇది పడుతుంది. లోపలికి వాలకుండా మాంటీ కార్లో బార్ పడుతుంది. ఫోర్డ్ 1963, 1964 మాంటీ కార్లో ర్యాలీల్లోకి ఫాల్కన్ కార్లను దించింది, బార్ పేరు ఆ ర్యాలీదే. మీ ఎయిర్ క్లీనరుకు తగలకుండా వంపు ఉన్న బార్ తీసుకోండి. రెండూ కలిసి ఉన్నప్పుడే టవర్ల చుట్టూ త్రికోణాలు పూర్తవుతాయి, ఒకటి వేసి ఒకటి మానేస్తే సగం పని.

టవర్లకు అదనపు ప్లేట్లు పగుళ్లు ఉంటేనే. లేనప్పుడు అక్కడ వెల్డింగు వేడి పెట్టకండి.

సబ్‌ఫ్రేమ్ కనెక్టర్ల గురించి కొంచెం వివరంగా చెప్పాలి. ముందు సీట్ల కింద ఆగిపోయిన రెయిలును, వెనక మొదలయ్యే రెయిలును కలిపే ఉక్కు పెట్టె ఇది. బోల్టులతో బిగించేవి, వెల్డింగు చేసేవి రెండు రకాలు. బోల్టులవి విప్పేయొచ్చు, కానీ కాలక్రమంలో రంధ్రాలు వదులవుతాయి. వెల్డింగు చేసేవాటిలో కూడా నేల రేకు వంపుకు తగ్గట్టు మలిచి, పొడవునా దానికి అతికేవి మేలు. ఒక విషయం గమనించండి. ఉక్కు ఎంత మందం అన్నదానికంటే ఆకారం మూసి ఉందా లేదా అన్నది మెలి విషయంలో ముఖ్యం. అట్ట గొట్టాన్ని చేతులతో మెలిపెట్టి చూడండి, లొంగదు. కత్తెరతో పొడవునా ఒక్క చీలిక పెట్టి మళ్లీ మెలిపెట్టండి. గోడ మందానికి పది రెట్లు వ్యాసార్ధం ఉన్న గొట్టంలో ఆ చీలిక వల్ల మెలికి ఎదురు నిలిచే బలం 300 వంతుల్లో ఒక వంతుకు పడిపోతుందని లెక్క. అందుకే మూడు పక్కలే ఉన్న కనెక్టరును నేలకు అక్కడక్కడ చుక్కలు పెట్టి వదిలేస్తే అది తెరిచిన గొట్టం. పూర్తిగా అతికితే మూసిన గొట్టం. తుప్పు పట్టిన గడప కూడా తెరిచిన గొట్టమే. తుప్పు ముందు తీయించమని నేను మొదటినుంచీ పోరేది ఇందుకే.

అయితే కనెక్టర్ల నుంచి అద్భుతాలు ఆశించకండి. కారు మధ్యలో వంగడాన్ని అవి బాగా ఆపుతాయి, మెలిని కొంతవరకే. జత బరువు పది పదిహేను కిలోలు, అదేమంత భారం కాదు. మీ విషయంలో నా తీర్పు, తుప్పు పని పూర్తయ్యాక వేయించండి. గేర్‌బాక్స్ పక్కనుంచి పొగగొట్టం, హ్యాండ్‌బ్రేకు తీగ ఎలా వెళ్తున్నాయో ముందే చూసుకోండి.

వెల్డింగు రోజున కారు ఎలా నిలబడి ఉంటుందన్నదే అసలు సంగతి. వర్క్‌షాప్‌ను ఈ ఒక్క ప్రశ్న అడగండి. ‘రెండు స్తంభాల లిఫ్ట్ మీద లేపి చేస్తాం’ అని జవాబు వస్తే ఆ పని అక్కడ వద్దు. ఆ లిఫ్ట్ కారును నడుము దగ్గర పట్టి లేపుతుంది, ముందు ఇంజిను బరువుకు ముక్కు, వెనక ఇరుసు బరువుకు తోక వేలాడతాయి. ఆ వంపులోనే వెల్డింగు చేస్తే వంపు శాశ్వతమవుతుంది, తరువాత ఏ తలుపూ కుదురుగా పడదు. కారు తన చక్రాల మీదే ఉన్నట్టు, నాలుగు స్తంభాల లిఫ్ట్ మీదో, ర్యాంపుల మీదో, మట్టసంగా నిలవాలి. పెట్రోలు ట్యాంకులో మామూలుగా ఉండే బరువు, సీట్లు లోపల ఉంటే ఇంకా మంచిది, కానీ నేల రేకు లోపలి పక్క కార్పెట్టు, శబ్దం తగ్గించే తారు పొర తీసేయాలి, లేకపోతే మంట అంటుకుంటుంది. బ్యాటరీ తీగలు విప్పాలి. బ్రేకు, పెట్రోలు గొట్టాలు ఎక్కడ వెళ్తున్నాయో చూసి పక్కకు జరపాలి. ఒక మనిషి లోపల నీళ్ల సీసా, మంటలార్పే సిలిండరు పట్టుకుని కూర్చోవాలి. పొడవునా ఒకే గీత లాగకుండా రెండంగుళాలు ఈ పక్క, రెండంగుళాలు ఆ పక్క వేస్తూ చల్లారనివ్వాలి. మొదట నాలుగు చోట్ల చుక్కలు పెట్టి, రెండు తలుపులూ తెరిచి మూసి చూసిన తరువాతే పూర్తిగా వేయాలి. కింద కనబడే చోటంతా ప్రైమరు, తరువాత మైనం పూత. లేదంటే ఈ కొత్త ఉక్కు చుట్టూ మళ్లీ తుప్పు మొదలవుతుంది.

రోల్ కేజ్ వద్దు. మెలిని తగ్గించడంలో దానంత పనిచేసేది మరొకటి లేదన్నది నిజమే. కానీ అది హెల్మెట్, ఐదు పట్టీల బెల్టు ఉన్న మనిషి కోసం. మీ కారులో మీ తలకు జానెడు దూరంలో ఉక్కు గొట్టం ఉంటుంది. చిన్న ప్రమాదంలో కూడా తల పక్కకు విసురుగా పోయేది దాని మీదికే. మెత్త చుట్టినా హెల్మెట్ లేని తలకు రక్షణ అంతంతే. వెనక సీట్లో పిల్లలు ఉంటే వెనకకు దిగే కాళ్లు వాళ్ల ముఖాల పక్కనుంచి వెళ్తాయి. ఆటోక్రాస్ అంటే ఖాళీ పార్కింగ్ స్థలంలో కోన్ల మధ్య, ఒక్కో కారు విడిగా, చాలావరకు రెండో గేరులో సాగే ఆట. హార్డ్‌టాప్‌కు అక్కడ కేజ్ అవసరం రాదు. ఎప్పుడైనా క్రెసన్‌లోని మోటార్‌స్పోర్ట్ రాంచ్‌లాంటి ట్రాక్ మీద నిజంగా వేగంగా తిప్పాలనిపిస్తే, అప్పటికి వేరే కారు కొనుక్కుని దానికి వేయించండి. కుటుంబంతో తిరిగే కారు, కేజ్ ఉన్న కారు ఒకటి కాకూడదు. ఇది బేరాలాడే విషయం కాదు. ఆటోక్రాస్ కోసం ఖర్చు చేయాలనిపిస్తే, కేజ్ మానేయగా మిగిలిన డబ్బును మంచి టైర్లకు, ముందు యాంటీ రోల్ బార్‌కు, ముందు డిస్క్ బ్రేకులకు పెట్టండి.

ఈ ఉత్తరం చదివే మిగతావాళ్లు తమ కారుకు ఇదే జాబితా పట్టుకుపోకండి. 1967–69 షెవర్లే కమారోలో ముందు భాగం వేరే సబ్‌ఫ్రేమ్, రబ్బరు బుష్షులతో బాడీకి బిగించినది, కాబట్టి అక్కడ మొదటి ప్రశ్న ఆ రబ్బర్లు ఎంత బాగున్నాయని. ఆ కారు కన్వర్టిబుల్ మోడల్‌లో వణుకు ఆపడానికి కంపెనీ బలం పెంచడం బదులు నాలుగు మూలల్లో నూనె డబ్బాల్లో స్ప్రింగుల మీద ఊగే బరువులు పెట్టింది. వాటికి ‘కాక్‌టెయిల్ షేకర్లు’ అని ముద్దుపేరు. చెవెల్, పాంటియాక్ జీటీఓలకు బాడీ కింద విడి ఫ్రేమ్ ఉంది, హార్డ్‌టాప్‌లలో అది ఒక పక్క తెరిచిన సీ ఆకారం, కన్వర్టిబుల్‌లకు మాత్రం మూసిన పెట్టె. వాటికి కనెక్టర్ల ప్రశ్నే లేదు, ఫ్రేమ్‌ను మూసే పనే ఉంటుంది. 426 హెమీ అనే పెద్ద ఇంజిను ఉన్న డాడ్జ్, ప్లిమత్ కార్లకు టార్క్ బాక్సులు కంపెనీయే ఇచ్చింది, ఎందుకంటే ఆ ఇంజిను లాగుడు మామూలు బాడీ భరించేది కాదు.

ఇక మీ నాన్నగారి మాట. ఆయన తప్పు చెప్పలేదు, ఆయన చూసిన బండ్లు వేరు. బస్సు ఛాసిస్ మెలి తిరగాలనే కడతారు. గతుకుల్లో ఒక చక్రం లేచినప్పుడు ఆ దూలాలు కాస్త లొంగితేనే మిగిలిన చక్రాలు నేలను పట్టుకుంటాయి. దూలం అంచు మీద ఎక్కడపడితే అక్కడ రంధ్రం వేసినా, వెల్డింగు పెట్టినా అక్కడినుంచే పగులు మొదలవుతుంది. డిపోలో ఆ పగుళ్లను ఆయన ఎన్నో చూసి ఉంటారు. మస్టాంగ్‌లో ఆ దూలాలే లేవు. అదే కారు కప్పు తీసి కన్వర్టిబుల్‌గా అమ్మినప్పుడు ఫోర్డ్ గడపల లోపల మందపాటి రేకులు, అదనపు పెట్టెలు తానే వేసింది. ఈ సంగతి చెబితే, కంపెనీ ఇచ్చినదాన్ని కెలకొద్దు అన్నవారే, కంపెనీ అలాగే ఇచ్చిందిగా అంటారు. జాకీ పరీక్ష రోజున కొలతలు రాసే పని ఆయనకే అప్పగించండి.

విలువ సంగతి కూడా చెప్పి ముగిస్తాను. ఆ ఏడాది ఫోర్డ్ నాలుగు లక్షల డెబ్బై వేలకు పైగా మస్టాంగ్‌లు చేసింది, అందులో మూడున్నర లక్షలకు పైగా మీలాంటి హార్డ్‌టాప్‌లే. అయినా ఒకసారి కారు ఛాసిస్ నంబరులో (విన్‌లో) ఐదో స్థానం చూడండి. అక్కడ ‘సి’ ఉంటే రెండు బ్యారెళ్ల కార్బురేటరున్న మామూలు 289. కనెక్టర్లు వెల్డింగు చేయించినా కొనేవాడు ముఖం చిట్లించడు, పని శుభ్రంగా ఉంటే మెచ్చుకుంటాడు కూడా. ‘కె’ ఉంటే మాత్రం అంతా ఆపేయండి. అది 271 హార్స్‌పవర్ ఇంజినుతో వచ్చిన అరుదైన కారు. దానికి బోల్టులతో బిగించేవి తప్ప వెల్డింగు పెట్టించకండి, ముందు మార్టీ రిపోర్టు తెప్పించుకోండి. ఫోర్డ్ 1967 నుంచి తయారుచేసిన కార్ల ఫ్యాక్టరీ వివరాలు అందులో వస్తాయి. ఎక్స్‌పోర్ట్ బ్రేస్ వేసేటప్పుడు విప్పిన రెండు పాత బద్దలను, వాటి బోల్టులను ఒక సంచిలో వేసి పేరు రాసి దాచండి. వెల్డింగుకు ముందు, తరువాత కారు అడుగు భాగం ఫొటోలు తీసి బిల్లులతో కలిపి పెట్టుకోండి. అమ్మే రోజున ఆ సంచి, ఆ ఫొటోలు కూడా కారుతో పాటే ఇవ్వాలి.